ఫైనల్లో రెండో స్థానం, మొత్తం మీద ఎనిమిదో స్థానం: రోయింగ్ ఫలితాలు ఎలా చదవాలి?

సార్, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలని మీ ప్రశ్నను ముందు కుదించి రాస్తున్నాను. 2024 పారిస్ పారాలింపిక్స్ రోయింగ్‌లో మన ఉమ్మడి కర్నూలు జిల్లా జవాను కొంగనపల్లె నారాయణ, ఆయన జోడీ అనిత గురించి ఒకచోట "ఫైనల్లో రెండో స్థానం" అని, ఇంకోచోట "8వ స్థానం" అని చదివారు. అంతకుముందు పారిస్‌లోనే జరిగిన ఒలింపిక్స్ రోయింగ్‌లో బల్‌రాజ్ పన్వర్ క్వార్టర్ ఫైనల్ చేరాడంటే సంబరపడ్డారు, తీరా చూస్తే 23వ స్థానం అన్నారు. పైగా అతని టైమింగ్ ఆఖరి రేసులోనే అన్నిటికన్నా బాగుంది. వీటిలో ఏది నమ్మాలి, మీ హైస్కూల్లో పొడుగ్గా ఉన్న నలుగురైదుగురు పిల్లలకు ఈ ఆటలో దారి ఉందా అన్నది మీ సందేహం.

నేను బెంగళూరు మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌లో ఉండగా హలసూరు చెరువులో ఈ ఆట నేర్చుకున్నాను. తర్వాత పుణెలో చాన్నాళ్లు ఉన్నాను. రిటైరయ్యాక కర్నూల్లోనే ఉంటున్నాను. చెప్పుకోదగ్గ పతకాలేమీ లేవు గానీ ఫలితాల షీట్లు మాత్రం కుప్పలు కుప్పలుగా చూశాను. కాబట్టి ధైర్యంగానే చెబుతున్నాను: మీరు చదివినవన్నీ నిజమే. ఎవరూ అబద్ధం రాయలేదు, సగం రాశారంతే.

రోయింగ్‌లో ఓడినవాణ్ణి వెంటనే ఇంటికి పంపరు. కబడ్డీలోనో బాక్సింగ్‌లోనో నాకౌట్‌లో ఓడితే బ్యాగు సర్దుకోవాల్సిందే. ఇక్కడ అలా కాదు, దాదాపు అందరూ ఆఖరి దాకా ఏదో ఒక "ఫైనల్" ఆడతారు. నీళ్లలో ఆరు లేన్లుంటాయి, దూరం 2000 మీటర్లు. ఒక రేసులో ఆరు పడవలే పడతాయి కాబట్టి ఫైనల్స్ కూడా ఆరేసి మందికి ఒకటి చొప్పున పెడతారు. ఫైనల్ ఎ అంటే 1 నుంచి 6 స్థానాల కోసం. అసలు పతకాలు అక్కడే. ఫైనల్ బి 7 నుంచి 12 వరకు, సి 13 నుంచి 18 వరకు, డి 19 నుంచి 24 వరకు. నారాయణ, అనిత ఫైనల్ బిలో రెండో స్థానంలో వచ్చారు. ముందున్న ఆరుగురికి రెండు కలిపితే ఎనిమిది. బల్‌రాజ్ ఫైనల్ డిలో ఐదోవాడు, 18కి ఐదు కలిపితే 23. లెక్క ఇంతే. ఎవరైనా "ఫైనల్ చేరారు" అంటే ఏ ఫైనల్ అని అడగండి, ఆ అక్షరం తెలియకపోతే వార్త సగమే తెలిసినట్టు.

ఇప్పుడు బల్‌రాజ్ షీట్‌ను మొదటి నుంచి చూద్దాం, ఎందుకంటే అందులో ఈ ఆట పద్ధతి అంతా కనిపిస్తుంది. సింగిల్ స్కల్స్ అతనిది. ఒక మనిషి, ఒక పడవ, రెండు తెడ్లు. మొదట హీట్, అంటే తొలి రౌండ్ రేసు. పారిస్‌లో ప్రతి హీట్‌లో మొదటి ముగ్గురు నేరుగా క్వార్టర్ ఫైనల్‌కు పోయారు. మనవాడు 7:07.11 తో నాలుగోవాడుగా వచ్చాడు. అంటే ఏడు నిమిషాల ఏడు సెకన్ల చిల్లర. అతని ముందు వచ్చిన ముగ్గురెవరో చూడండి. మొదటివాడు న్యూజిలాండ్ ఆటగాడు థామస్ మాకింటోష్, 6:55.92. రెండోవాడు గ్రీస్ దేశపు స్తెఫనోస్ దూస్కోస్, టోక్యోలో ఇదే సింగిల్ స్కల్స్‌లో స్వర్ణం కొట్టినవాడు. మూడోవాడు ఈజిప్ట్ ఆటగాడు ఎల్బన్నా, 7:05.06. ఆ మూడో స్థానానికీ మనవాడికీ తేడా రెండు సెకన్ల పైన కాస్త. ఆ వేగంలో రెండు సెకన్లంటే దాదాపు తొమ్మిదిన్నర మీటర్లు, సింగిల్ పడవ పొడవు ఎనిమిది మీటర్ల పైచిలుకు. ఒక పడవ పొడవు, ఇంకొంచెం అన్నమాట. "హీట్‌లో నాలుగో స్థానం, నేరుగా అర్హత పొందలేకపోయాడు" అని ఒక్క లైనులో చదివితే ఇదంతా తెలియదు.

నేరుగా పోలేనివాళ్లకు అక్కడ రెండో అవకాశం ఉండేది, దాన్ని రెపిచేజ్ అంటారు. మర్నాడే జరిగింది. అందులో 7:12.41 తో రెండో స్థానం, మొదటి ఇద్దరికీ క్వార్టర్ ఫైనల్. క్వార్టర్స్‌లో ఉండేది 24 మంది. అంటే ఆ రెపిచేజ్ దాటిన రోజే బల్‌రాజ్ స్థానం 24 లోపు అని ఖాయమైపోయింది. "క్వార్టర్ ఫైనల్ చేరాడు" అన్న వార్తకు రోయింగ్‌లో అర్థం అదే. టెన్నిస్‌లో క్వార్టర్స్ అంటే మిగిలిన ఎనిమిది మందిలో ఒకడు అని కదా మనకు అలవాటు. ఆ అలవాటుతో చదివితే తర్వాత 23 అన్న అంకె చూసి నీరసం రాక తప్పదు.

క్వార్టర్‌లో మొదటి ముగ్గురు ఎ/బి సెమీస్‌కు, చివరి ముగ్గురు సి/డి సెమీస్‌కు పోయారు. మనవాడు 7:05.10 తో ఐదోవాడు. కాబట్టి సి/డి సెమీస్. ఇక్కడ కూడా "సెమీఫైనల్లో ఆరో స్థానం" అని ఎక్కడో వచ్చింది. సెమీఫైనలే, కాదనలేం, కానీ అది 13 నుంచి 24 స్థానాల మధ్య పంచాయితీ. దానితో పోల్చి చూడండి: టోక్యోలో అర్జున్ లాల్ జాట్, అర్వింద్ సింగ్ లైట్‌వెయిట్ డబుల్ స్కల్స్‌లో సెమీస్‌కు చేరారు. వాళ్లది ఎ/బి సెమీస్. అంటే మొదటి పన్నెండులో స్థానం ఖాయం. ఫైనల్ బిలో ఐదో స్థానంతో 11వ ర్యాంకు వచ్చింది. ఒలింపిక్స్ రోయింగ్‌లో మన దేశానికి అప్పటిదాకా అంతకన్నా మెరుగైన స్థానం లేదు. పతకం కాదు కాబట్టి మన ఊళ్లలో ఎవరూ పటాకులు కాల్చలేదు గానీ, ఈ ఆట తెలిసినవాళ్లకు అది చాలా పెద్ద ఫలితం. అయితే పడవ రకాన్ని బట్టి పోటీలో ఉండే సంఖ్య మారుతుంది. సింగిల్ స్కల్స్‌లో ముప్పై మంది పైన ఉంటారు, డబుల్స్‌లో అంతకన్నా బాగా తక్కువ. పారాలో ఇంకా తక్కువ. అందుకే 8, 11, 23 అన్న అంకెలను పక్కపక్కన పెట్టి ఎవరు గొప్ప అని తూకం వేయకూడదు.

ఇక టైమింగ్. మీరు గమనించింది కరెక్టే: 7:07, 7:12, 7:05.10, 7:04.97, ఆఖర్న ఫైనల్ డిలో 7:02.37. అంటే ఆ వారంలో అతను రోజురోజుకూ మెరుగయ్యాడా? అలా చెప్పలేం. రోయింగ్‌లో టైమ్ ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. నేను ఈ మాట చెబితే అథ్లెటిక్స్ నుంచి వచ్చిన పీఈటీలు నమ్మరు. వాళ్లకు వంద మీటర్లంటే ఎక్కడైనా వంద మీటర్లే. కానీ ఆషాఢంలో డోన్ రోడ్డు మీద ఎదురుగాలికి సైకిల్ తొక్కినవాడికి చెప్పక్కర్లేదు, అదే మనిషి, అదే సైకిల్, పోయేటప్పుడు పట్టిన టైమ్ వేరు, వచ్చేటప్పుడు వేరు. నీళ్ల మీద అది ఇంకా ఎక్కువ. సింగిల్ పడవ కనీస బరువు 14 కిలోలు, అంత తేలికైన దాని మీద తొంభై కిలోల మనిషి నిటారుగా కూర్చుంటాడు. గాలికి అడ్డం ఆ మనిషే. ఎదురుగాలి తీసుకునేంత టైమ్‌ను వెనక గాలి తిరిగి ఇవ్వదు. నెమ్మదిగా పోయే పడవలు ఎదురుగాలికి మరీ నష్టపోతాయి, ఎందుకంటే అవి ఆ గాలిలో ఎక్కువసేపు ఉంటాయి.

దీనికి అన్నిటికన్నా మంచి రుజువు 2016 రియోలో దత్తు భోకనల్ ఫలితాలు. ఇతనిది నాసిక్ జిల్లాలో కరువు ప్రాంతం, సైన్యంలో చేరాకే పడవ ఎక్కాడు. రియో హీట్‌లో అతని టైమ్ 7:21.67, మూడో స్థానం, నేరుగా క్వార్టర్స్. క్వార్టర్‌లో 6:59.89, నాలుగో స్థానం. సి/డి సెమీస్‌లో మళ్లీ 7:19.02, కానీ రెండో స్థానం. ఫైనల్ సిలో 6:54.96, మొదటి స్థానం, మొత్తం మీద 13. ఒకే వారంలో ఒకే మనిషి టైములు 26 సెకన్లకు పైగా అటూ ఇటూ ఊగాయి. అతను ఒకరోజు బద్ధకించి ఇంకోరోజు ఉత్సాహపడలేదు. ఆ సరస్సు మీద గాలి అలా ఆడించింది. మొదటి రోజు అలలకు సెర్బియా జోడీ పడవ బోల్తా కొట్టింది, రెండో రోజు గాలికి పోటీలన్నీ ఆపేశారు. ఇప్పుడు దత్తు 6:54.96 ను పారిస్ బల్‌రాజ్ 7:02.37 పక్కన పెట్టి "మనం ఎనిమిదేళ్లలో ఏడు సెకన్లు వెనక్కి పోయాం" అని ఎవరైనా రాస్తే అది శుద్ధ తెలివితక్కువతనం. నిజంగానే అలా రాసినవాళ్లున్నారు. ప్రపంచ సమాఖ్య కూడా ఈ ఆటలో ప్రపంచ రికార్డు అనే మాట వాడదు, "ప్రపంచంలో ఉత్తమ టైమ్" అని మాత్రమే అంటుంది. 2017లో పోలండ్‌లోని పొజ్నాన్‌లో రాబీ మాన్సన్ సింగిల్ స్కల్స్‌లో 6:30.74 చేశాడు, అదే పోటీల్లో జర్మనీ ఎనిమిది మంది పడవ 5:18.68 చేసింది. రెండు ఉత్తమ టైములు ఒకే చోట, ఒకే పోటీల్లో రావడంలో మనుషుల బలంతోపాటు వెనక గాలి వాటా కూడా ఉంది.

మరి ఏది చూడాలి? ఒకే రేసులో తేడా చూడాలి. ఒకే గాలి, ఒకే నీళ్లు, ఒకే నిమిషం. మొదటివాడికీ మనవాడికీ ఎన్ని సెకన్లు, మనవాడికీ పై మెట్టుకు పోయిన చివరివాడికీ ఎన్ని సెకన్లు, ఈ రెండూ రాసుకోండి. ఆ సెకన్లను మీటర్లుగా మార్చుకుంటే బొమ్మ కళ్ల ముందుంటుంది. 2000ను మొత్తం సెకన్లతో భాగిస్తే వేగం వస్తుంది, దాన్ని తేడాతో హెచ్చవేయండి. పారిస్ ఫైనల్ ఎ తీసుకుందాం. జర్మనీ ఆటగాడు ఒలివర్ జైడ్లర్ 6:37.57, రెండో స్థానంలో జలాతీ 6:42.96. తేడా 5.39 సెకన్లు, అంటే 27 మీటర్లు, మూడు పడవల పొడవుకు పైనే. ఒలింపిక్ ఫైనల్లో ఇంత తేడా అంటే ఆ రేసు ఎప్పుడో అయిపోయినట్టు. దానికి పూర్తి ఎదురు రియో ఫైనల్. న్యూజిలాండ్ మాహే డ్రైస్‌డేల్, క్రొయేషియా దామిర్ మార్టిన్, ఇద్దరి టైమూ 6:41.34. సెకనులో నూరో వంతు వరకూ సమానం. పడవ ముందు కొనకు చిన్న రబ్బరు బంతి ఉంటుంది, ఆ బంతి గీత దాటిందే లెక్క. ఫొటో చూసి డ్రైస్‌డేల్‌కు స్వర్ణం ఇచ్చారు.

ఇలాగే మన పడవలనూ చూడండి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన ఎనిమిది మంది పడవకు రజతం. చైనా 5:40.17, మనం 5:43.01, ఇండోనేషియా 5:45.51. చైనాకూ మనకూ దాదాపు 17 మీటర్ల తేడా. ఎనిమిది మంది పడవ పొడవూ ఇంచుమించు అంతే. మన పడవ ముందు కొన వాళ్ల పడవ వెనక కొనను అందుకుంటూ ఉందన్నమాట. ఆ పోటీల్లో రోయింగ్‌లో మొత్తం రెండు రజతాలు, మూడు కాంస్యాలు వచ్చాయి. స్వర్ణం రాలేదని పెదవి విరిచినవాళ్లున్నారు, 2018లో నలుగురి స్కల్స్ పడవకు స్వర్ణం వచ్చింది కదా అని. నా దృష్టిలో 2023లో ఎనిమిది మంది పడవకు వచ్చిన రజతమే బరువైనది. ఒక గట్టి ఆటగాణ్ణి తయారు చేయడం వేరు, ఎనిమిది మందిని ఒకే ఊపులో తెడ్డు వేయించడం వేరు.

షీట్‌లో ఇంకో సంగతి ఉంటుంది, పేపర్లు దాన్ని ఎప్పుడూ వేయవు. ప్రతి 500 మీటర్లకు టైమ్. మామూలుగా మొదటి 500 వేగంగా, మధ్యలోవి రెండూ నెమ్మదిగా, ఆఖరిది మళ్లీ కాస్త వేగంగా ఉంటుంది. ఉదాహరణకు 1:42, 1:46, 1:47, 1:45 అయితే మొత్తం ఏడు నిమిషాలు, ఆరోగ్యంగా తొక్కిన రేసు. (తెడ్డు "వేయడం" అనాలి గానీ, కాళ్లతో స్ట్రెచర్‌ను, అంటే పడవలో పాదాలు ఆనించే పలకను, తన్నీ తన్నీ మాకు "తొక్కడం" అనడమే అలవాటైపోయింది.) అదే ఏడు నిమిషాలు 1:39, 1:45, 1:47, 1:49 గా వస్తే కుర్రాడు టెన్షన్‌లో ముందే అంతా ఖర్చు పెట్టేశాడని అర్థం. హీట్స్‌లో మాత్రం జాగ్రత్త, మొదటి స్థానం ఖాయమైన పెద్ద ఆటగాళ్లు ఆఖరి 500లో కావాలనే తగ్గిస్తారు. అందువల్ల హీట్‌లో విజేతతో మనవాడికున్న తేడాను ఎప్పుడూ కొంచెం అనుమానంగానే చూడాలి. లేన్ నంబర్ కూడా గమనించండి. పక్క గాలి వీస్తే ఒడ్డు చాటున ఉన్న లేన్లకు లాభం. అలాంటప్పుడు నిర్వాహకులు లేన్లు మార్చి, ముందు రౌండ్లలో బాగా చేసినవాళ్లకు ఆ చాటు లేన్లు ఇస్తారు.

నారాయణ, అనితల ఫలితం దగ్గరికి వద్దాం. వాళ్ల విభాగం పేరు పీఆర్3 మిక్స్‌డ్ డబుల్ స్కల్స్. పారా రోయింగ్‌లో పీఆర్1 వాళ్లు చేతులు, భుజాలతోనే నడుపుతారు, పీఆర్2 వాళ్లు నడుము కూడా వాడతారు, పీఆర్3 వాళ్లు కాళ్లు కూడా వాడి జారే సీటు మీద నడుపుతారు. ఒక మగ, ఒక ఆడ. ఈ ఈవెంట్ పారాలింపిక్స్‌లో మొదటిసారి పెట్టింది పారిస్‌లోనే. స్వర్ణం ఆస్ట్రేలియాకు, రజతం బ్రిటన్‌కు, కాంస్యం జర్మనీకి. మనవాళ్లు హీట్ నుంచి రెపిచేజ్‌కు, అక్కడ మూడో స్థానంతో ఫైనల్ బికి వచ్చారు.

నారాయణలా మందుపాతర పేలుడులో కాలు పోయిన మనిషి ఈ ఆటలోకి రావడం ఎంత కష్టమో పడవ ఎక్కనివాళ్లకు తేలిగ్గా అర్థం కాదు. చూసేవాళ్లకు ఇది చేతుల ఆటలా కనిపిస్తుంది. బలంలో ఎక్కువ భాగం కాళ్లది. సీటు చక్రాల మీద ముందుకు జారుతుంది, మోకాళ్లు ఛాతీ దాకా ముడుచుకుంటాయి, తెడ్డు నీళ్లలో దిగుతుంది, అప్పుడు రెండు పాదాలతో ఒకేసారి స్ట్రెచర్‌ను తన్నాలి. ఆ తన్నులో ఒక కాలు ఎక్కువ, ఒక కాలు తక్కువ అయితే సీటు కింద పడవ ఒక పక్కకు ఒరుగుతుంది, ఆ పక్క తెడ్డు నీళ్లలో లోతుగా మునిగి బయటికి రాదు. రెండు కాళ్లూ సరిగ్గా ఉన్న మేమే నెలల తరబడి అది సరిచేసుకోలేక పుణెలో కోచ్ చేత తిట్లు తిన్నాం. కాళ్ల బలం రెండు పక్కలా సమానంగా లేని మనిషి ఆ తేడాను నడుముతో, చేతులతో ప్రతి స్ట్రోక్‌లోనూ సర్దుకుంటూ 2000 మీటర్లు పోవాలి. 2016 దాకా పారా పోటీలు 1000 మీటర్లే, ఆ తర్వాతే 2000 చేశారు.

2023 ఆసియా పారా క్రీడల్లో ఈ జోడీకి రజతం. ఆసియాలో రెండు, ప్రపంచంలో ఎనిమిది. బల్‌రాజ్ 2023 ఆసియా క్రీడల సింగిల్స్‌లో నాలుగోవాడు, ఒలింపిక్స్‌లో 23. ఆసియా అంకె చూసి ఎగిరి గంతేయడం, ప్రపంచ అంకె చూసి నీరుగారడం రెండూ అనవసరం. రోయింగ్‌లో యూరప్, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా పడవలు ఆసియా పోటీల్లో ఉండవు. వాళ్లు వచ్చి చేరితే మన స్థానం ఎంత కిందికి జరుగుతుందో చూసుకోవడానికి ఈ రెండు అంకెలూ కలిపి చదవాలి.

మీ పిల్లల సంగతి. ముందు ఒక చేదు విషయం. మన పిల్లలు చాలామంది సన్నగా, తేలిగ్గా ఉంటారు, అలాంటివాళ్లకు లైట్‌వెయిట్ విభాగం దారిగా ఉండేది. మగవాళ్లలో ఎవరూ 72.5 కిలోలు దాటకూడదు, జట్టు సగటు 70 కిలోలు. అర్జున్, అర్వింద్ వెళ్లింది ఆ దారినే. పారిస్‌తో ఒలింపిక్స్‌లో ఆ విభాగం అయిపోయింది. 2028 లాస్ ఏంజెలెస్‌లో దాని బదులు సముద్రపు ఒడ్డున జరిగే బీచ్ స్ప్రింట్ పెడుతున్నారు. పైగా అక్కడ మామూలు రోయింగ్ కూడా 1500 మీటర్లే, నీళ్లు అంతే పొడవున్నాయి. కాబట్టి ఇకమీదట నిశ్చలమైన నీళ్లలో ఒలింపిక్స్ అంటే పెద్ద ఒళ్లు, పొడవు చేతులు ఉన్నవాళ్లదే. ప్రభుత్వాల డబ్బు కూడా ఒలింపిక్ ఈవెంట్ల వెంటే పోతుంది.

"కరువు సీమలో పడవల ఆటేమిటి" అని స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా నవ్వితే పట్టించుకోవద్దు. 2010 గ్వాంగ్‌జౌలో ఆసియా క్రీడల రోయింగ్‌లో మన దేశానికి తొలి స్వర్ణం తెచ్చిన బజరంగ్ లాల్ తాఖర్ రాజస్థాన్‌వాడు. అర్జున్ లాల్ జాట్‌దీ రాజస్థానే. దత్తు సంగతి పైన చెప్పాను. మన దేశంలో ఈ ఆటను మోస్తున్నది చాలావరకు సైన్యం. ఊళ్లో చెరువుందా లేదా అని వాళ్లు చూడరు, ఎత్తు, ఊపిరి, ఓర్పు చూస్తారు. సుంకేసుల దగ్గర నీళ్లున్నాయి, గార్గేయపురం చెరువుంది, అవుకు రిజర్వాయర్ ఉంది. కేసీ కెనాల్‌ను తవ్వించినప్పుడు సాగుతోపాటు పడవల రాకపోకలకు కూడా అనుకున్నారు. అయినా వీటిలో ఎక్కడా పిల్లల్ని సొంతంగా దించవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. కాలువలో ప్రవాహం, బ్యారేజీ దగ్గర గేట్లు, రిజర్వాయర్ల మీద మధ్యాహ్నం లేచే గాలి, సేఫ్టీ బోటు లేదు, లైఫ్ జాకెట్లు లేవు. రేసు పడవ ఖరీదు లక్షల్లో ఉంటుంది, అది స్కూలు కొనేదీ కాదు.

మీరు చేయగలిగింది ఒడ్డున ఉంది. కర్నూల్లో పెద్ద జిమ్ ఏదైనా చూడండి, ఒక మూల దుమ్ము పట్టి రోయింగ్ మెషిన్ కనబడొచ్చు. మేం దాన్ని ఎర్గ్ అంటాం. సెలెక్షన్స్‌లో పిల్లవాణ్ణి పడవ ఎక్కించకముందు చూసేది దానిమీద 2000 మీటర్ల టైమే, గాలి లేదు, అల లేదు, సాకు లేదు. తెర మీద 500 మీటర్లకు ఎంత పడుతోందో అంకె కనిపిస్తూ ఉంటుంది. కొత్తవాడు మొదటి నిమిషంలో 1:40 చూసి మురిసిపోతాడు, మూడో నిమిషానికి అది 1:55, ఐదో నిమిషానికి రెండు నిమిషాలు దాటుతుంది, అక్కడ హ్యాండిల్ వదిలేస్తాడు. వదలకుండా చివరి దాకా లాగినవాణ్ణి గుర్తు పెట్టుకోండి, వాడి టైమ్ ఎంతైనా సరే. మొదటి రోజే 2000 చేయించవద్దు. రెండు మూడు వారాలు వీపు వంచకుండా, ముందు కాళ్లు, తర్వాత నడుము, ఆఖర్న చేతులు అనే వరుస అలవాటు చేయించండి. నడుం నొప్పి అంటే వెంటనే ఆపించండి. పదహారు, పదిహేడేళ్ల అబ్బాయి కొన్ని నెలల ప్రాక్టీసుతో ఏడున్నర నిమిషాల లోపు వస్తే మాట్లాడదగ్గవాడు. ఏడు నిమిషాలకు వస్తే నాకు ఫోన్ చేయాల్సిందే.

ఈత మాత్రం తప్పనిసరి. మన ఊళ్లలో బావుల్లో నేర్చుకున్న ఈత చాలు, కానీ బట్టలతో కనీసం పది నిమిషాలు తేలగలగాలి. ఎత్తు ఆరడుగులకు దగ్గరగా ఉండాలి, లేదా పదిహేనేళ్లకే అయిదడుగుల పది అంగుళాలుండి ఇంకా పెరిగే సూచనలుండాలి. చేతులు బారగా చాపితే ఎత్తుకన్నా నాలుగంగుళాలు ఎక్కువుంటే మరీ మంచిది. చిన్నవాళ్లయితే ఆర్మీ బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీల సెలెక్షన్స్ వెతకండి, వాటికి వయసు పరిమితి ఉంది, మామూలుగా పద్నాలుగు దాటితే తీసుకోరు. పద్దెనిమిది దగ్గరివాళ్లకు మామూలు సైనిక ర్యాలీయే దారి, చేరాక ఇంజినీర్ రెజిమెంట్లలో రోయింగ్ ట్రయల్స్ అడగాలి. సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) వాళ్లకు కేరళలో అలప్పుళలో, ఒడిశాలో కటక్ దగ్గర జగత్‌పూర్‌లో నీటి ఆటల కేంద్రాలున్నాయి. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ మీద కూడా శిక్షణ నడుస్తుంది, మనకు దగ్గర కూడా. తల్లిదండ్రులకు పంపే ముందు ఒక మాట స్పష్టంగా చెప్పండి: మొదటి రెండు మూడేళ్లు ఫలితాల షీట్‌లో వాడి పేరు సి, డి అక్షరాల పక్కనే ఉంటుంది.

ఇప్పుడు ఆ నలుగురైదుగురి వయసు, ఎత్తు, బరువు, చేతుల చాపు కొలిచి ఇక్కడే కింద రాయండి, పేర్లు వద్దు. పరుగులో 1600 మీటర్ల టైమ్ ఉంటే అదీ పెట్టండి. వాళ్లలో ఆడపిల్లలుంటే విడిగా చెప్పండి, వాళ్లకు సైన్యం దారి ఇరుకు, అలప్పుళ, జగత్‌పూర్ సెలెక్షన్సే ముందు ప్రయత్నించాలి. వాటికి కావలసిన కాగితాలు వేరే రాస్తాను.